పాఠం చెప్పడం వేరు, పాఠం చెప్పేవాళ్ళతో పనిచేయడం వేరు

బాగా పాఠం చెప్పే టీచర్‌కి బడిలో దొరికే పెద్ద గుర్తింపు ఏమిటంటే, పాఠాలు తగ్గించి వేరే పని అప్పగించడం. ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి, పిల్లల్లో భయం పోగొట్టి, తల్లిదండ్రుల మెప్పు పొందిన మనిషిని పిలిచి "వచ్చే ఏడాది నుంచి లెక్కల విభాగం మీరే చూసుకోండి" అంటారు. ఆ మాటలో గౌరవం ఉంది, నమ్మకమూ ఉంది. చూసుకోవడం అంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. పిల్లల ముందు నిలబడే ముందు టీచర్‌కి కోర్సు ఉంటుంది, ప్రాక్టీస్ పాఠాలు ఉంటాయి, చూసి దిద్దే పెద్దవాళ్ళు ఉంటారు. సాటి టీచర్ల పనికి బాధ్యత తీసుకునే ముందు మాత్రం ఒక ఆర్డర్ కాగితం, ఒక కొత్త రిజిస్టర్ చాలనుకుంటారు.

ఇలాంటి ప్రమోషన్లను ఎగతాళి చేసినవాళ్ళలో లారెన్స్ పీటర్ పేరు అందరికంటే ముందు వస్తుంది. ప్రతి ఉద్యోగీ తనకు చేతకాని మెట్టు వచ్చేదాకా పైకి వెళుతూనే ఉంటాడని 1969లో ఆయన చెప్పిన సూత్రం ఆఫీసుల్లో శాశ్వతమైన జోకుగా మిగిలిపోయింది. ఆయన స్వయంగా స్కూల్ టీచర్‌గా పనిచేసి, తర్వాత విద్యాశాస్త్ర ప్రొఫెసర్ అయిన మనిషి. కాబట్టి ఆ జోకు బడికి మరీ దగ్గరగా తగలడంలో వింత లేదు. అయితే ఆ సూత్రం ఒక విషయాన్ని దాటేస్తుంది. చేతకానితనం మనిషిలోనే దాగి ఉండి, పై మెట్టు మీద బయటపడినట్టు చెబుతుంది. బడిలో ఎక్కువగా జరిగేది వేరు. కొత్త బాధ్యత అసలు ఇంకో విద్య. అది నేర్పకుండా, నేర్చుకునే తీరిక ఇవ్వకుండా కుర్చీలో కూర్చోబెడితే ఎంత సమర్థులైనా తడబడతారు. తడబాటు చూసి "మంచి టీచరే గానీ నాయకత్వ లక్షణాలు లేవు" అని తీర్పు ఇచ్చేస్తారు.

ఆ ఇంకో విద్య ఏమిటో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక పిల్లవాడు 1/2 + 1/3 = 2/5 అని రాశాడనుకుందాం. అనుభవం ఉన్న టీచర్ ఒక్క చూపులో పట్టేస్తారు: పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కలిపేశాడు. తప్పు అని కొట్టేయకుండా "సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే ఎక్కువ రావాలా, తక్కువ రావాలా?" అని అడుగుతారు. 2/5 సగం కంటే తక్కువే కదా అని వాడికే అనుమానం వస్తుంది. ఇదంతా అర నిమిషం పని. ఆ ప్రశ్నే అడగాలని ఎలా తోచిందని టీచర్‌ని అడిగితే "అలవాటండీ" అంటారు. నిజమే, అలవాటే. కానీ పక్క క్లాసులో కొత్తగా చేరిన టీచర్‌కి ఆ జవాబు ఎందుకూ పనికిరాదు. ఇన్నేళ్ళ నేర్పు చేతిలోకి, నోటిలోకి ఇంకిపోయి, విడదీసి చెప్పడానికి అందకుండా పోయింది.

ఎక్కువ తెలిసినవాళ్ళకు ఎదుటివాళ్ళ కష్టం కనిపించకపోవడం చాలాసార్లు గమనించిన విషయమే. 2003లో మిచెల్ నాథన్, ఆంథనీ పెట్రోసినో కాబోయే టీచర్ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. గణితం ఎక్కువ చదివినవాళ్ళు, పిల్లలకు మాటల్లో ఇచ్చిన లెక్కల కంటే సమీకరణాలే తేలిక అని అనుకున్నారు. పిల్లల జవాబుపత్రాలు చూస్తే సంగతి తిరగబడి ఉంది. పిల్లల విషయంలో ఈ పొరపాటును పది క్లాసులయ్యేసరికి పిల్లలే దిద్దుతారు, ముఖాలు చూస్తే తెలిసిపోతుంది కాబట్టి. సాటి టీచర్ల విషయంలో దిద్దేవాళ్ళు ఉండరు. "క్లాస్ కంట్రోల్ అంటే ఏముంది, గట్టిగా ఉంటే చాలు" అని సీనియర్ చెప్పిన సలహా విని, ఏం చేయాలో అర్థం కాకపోయినా జూనియర్ తలూపి వెళ్ళిపోతారు.

అందుకే ఎదుగుదలలో మొదటి పని, తన పనిని తాను మాటల్లో పెట్టుకోవడం. ఇది ఒంటరిగా కూర్చుని రాసుకుంటే వచ్చేది కాదు. ఇద్దరు టీచర్లు కలిసి ఒక పాఠం ప్లాన్ చేసేటప్పుడు "ఈ ఉదాహరణ ముందెందుకు? ఆ రెండోది ముందు పెడితే ఏమవుతుంది?" అని వాదించుకుంటే, లోపల ఇంకిపోయిన కారణాలు బయటికొస్తాయి. ఆ వాదనలో కొన్ని కారణాలు నిలబడవు కూడా. పదేళ్ళుగా చేస్తున్న పద్ధతికి అలవాటు తప్ప వేరే ఆధారం లేదని తేలుతుంది. అది ఇబ్బందిగానే ఉంటుంది. అయినా ఆ ఇబ్బందిని పక్కవాళ్ళ ఎదుట పడటానికి సిద్ధమైన టీచర్ మాటను తర్వాత పక్కవాళ్ళు వింటారు.

పెద్దవాళ్ళతో పని చేయడంలో ఇంకో చిక్కు ఉంది. పిల్లల తప్పు దిద్దడం టీచర్ ఉద్యోగంలోనే ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న సైన్స్ మేడమ్‌ని దిద్దడానికి ఆ హక్కు ఎక్కడినుంచి వస్తుంది? పైగా ఆవిడే రైటు కావచ్చు. కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు, తమ పద్ధతినే కొలతగా పెట్టుకోవడం. గ్రూపులుగా కూర్చోబెట్టి, గోలగోలగా పాఠం నడిపే అలవాటున్నవాళ్ళకి నిశ్శబ్దంగా ఉన్న క్లాసు ప్రాణం లేనట్టు కనిపిస్తుంది. బోర్డు మీద వరుసగా, పద్ధతిగా రాసేవాళ్ళకి ఆ గోల క్రమశిక్షణ లేనట్టు కనిపిస్తుంది. రెండు క్లాసుల్లోనూ పిల్లలు బాగానే నేర్చుకుంటూ ఉండవచ్చు. చూడాల్సింది పిల్లల నోట్‌బుక్కుల్లో, వాళ్ళ జవాబుల్లో. టీచర్ నిలబడే తీరులో కాదు.

తలుపు మూసుకునే అలవాటు

బడిని దూరం నుంచి చూస్తే అందరూ కలిసి పనిచేసే చోటులా ఉంటుంది. లోపల మాత్రం ఒక్కొక్కరు ఒక్కో గదిలో, ఒంటరిగా పనిచేస్తారు. 1975లో సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ దీన్ని కోడిగుడ్ల అట్టతో పోల్చారు. పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకదాన్నొకటి తగలవు. ఒక టీచర్ ముప్పై ఏళ్ళ సర్వీసులో సాటి టీచర్ పాఠం పూర్తిగా చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టేన్నిసార్లే అయినా ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. ఒకరి క్లాసులోకి ఇంకొకరు వెళ్ళకపోవడం ఒక మర్యాదగా స్థిరపడిపోయింది. వెళ్ళేది తనిఖీకే. కాబట్టి ఎవరైనా వెనక బెంచీలో కూర్చుంటే టెన్షన్ మొదలవుతుంది, ఆ రోజు పాఠం నాటకంగా మారుతుంది. పిల్లలు కూడా ఇట్టే పసిగట్టి, ఆ పీరియడ్ వరకు బుద్ధిగా కూర్చుని సహకరిస్తారు.

ఈ మర్యాదను దాటిన బడులు ఎలా ఉంటాయో జూడిత్ వారెన్ లిటిల్ 1982లో ఆరు పాఠశాలలను చూసి రాశారు. మెరుగ్గా నడుస్తున్న చోట్ల టీచర్లు బోధన గురించి తరచుగా, కచ్చితమైన వివరాలతో మాట్లాడుకుంటున్నారు. ఒకరి పాఠం ఒకరు చూస్తున్నారు. పాఠాలూ సామగ్రీ కలిసి తయారు చేసుకుంటున్నారు. ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. వినడానికి మామూలు విషయాలే. కానీ స్టాఫ్ రూమ్‌లో సాధారణంగా వినిపించే మాటలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. "సెవెన్ బీ పిల్లలు అసలు వినరండీ" అనేది మాటే గానీ దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. "సెవెన్ బీలో భిన్నాల హారాలు సమానం చేయమంటే సగంమంది కిందిది మార్చి పైది మర్చిపోతున్నారు, మీ సెక్షన్‌లో ఏం చేశారు?" అనే మాటతో పని మొదలవుతుంది. రెండో రకం మాట స్టాఫ్ రూమ్‌లో పుట్టించగలిగిన టీచర్, చేతిలో ఏ పదవీ లేకపోయినా, నాయకత్వం మొదలుపెట్టినట్టే.

మరి ఆ తలుపు ఎలా తెరుచుకుంటుంది? ముందు సొంత తలుపే తెరవాలి. కొత్త సబ్జెక్ట్ హెడ్ మొదటి నెలలోనే అందరి క్లాసులకూ తిరగడం మొదలుపెడితే ఎంత నవ్వుతూ వెళ్ళినా తనిఖీలాగే ఉంటుంది. దానికి బదులు "భిన్నాల పాఠం నా క్లాసులో అంత బాగా వెళ్ళడం లేదు, ఒకసారి వచ్చి చూసి పిల్లలు ఎక్కడ తప్పిపోతున్నారో చెప్పండి" అని పిలిస్తే మాట మారుతుంది. పిలిచే పాఠం నిజంగా ఇబ్బంది పెడుతున్నదే అయి ఉండాలి. బాగా వచ్చిన పాఠానికి పిలిస్తే అది ప్రదర్శన అవుతుంది, చూసినవాళ్ళు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు, మళ్ళీ తమ క్లాసుకు పిలవరు.

జపాన్ పాఠశాలల్లో వందేళ్ళకు పైగా సాగుతున్న పాఠ అధ్యయన పద్ధతి ఈ ఇబ్బందిని తెలివిగా దాటుతుంది. కొందరు టీచర్లు కలిసి ఒకే పాఠాన్ని వారాల తరబడి తయారు చేస్తారు. ఒకరు చెబుతారు. మిగతావాళ్ళు టీచర్‌ని వదిలేసి పిల్లలను గమనిస్తారు. తర్వాత చర్చ జరిగేది అందరూ కలిసి కట్టిన పాఠం మీద. చెప్పిన మనిషి మీద వేలు చూపించడానికి పెద్దగా చోటుండదు, ఎందుకంటే తప్పు ఉంటే అది అందరిదీ. ఈ పద్ధతిని వేరేచోటికి తీసుకెళ్ళినప్పుడు పైపై రూపం వచ్చి, వారాల తయారీ రాకుండా పోతుంది. అప్పుడది మళ్ళీ డెమో క్లాసే.

పాఠం చూశాక ఏం మాట్లాడాలన్నది మరీ సున్నితమైన సంగతి. "చాలా బాగుంది మేడమ్" అంటే ఇద్దరికీ హాయి, ఎవరికీ లాభం లేదు. "ఇంకొంచెం ఇంటరాక్టివ్‌గా ఉంటే బాగుండేది" అంటే చెప్పినవాళ్ళకి తృప్తి, విన్నవాళ్ళకి చురుకు. పనికొచ్చే మాట ఇలా ఉంటుంది: "మీరు ప్రశ్న రాశాక కిటికీ వైపు కూర్చున్న నలుగురు పెన్ను పట్టుకోలేదు, పక్కవాళ్ళు రాసేదాకా ఆగి చూసి రాశారు. వాళ్ళకి ప్రశ్నే అర్థం కాలేదంటారా, మొదటి మెట్టు దొరకలేదంటారా?" ఇందులో మెప్పు లేదు, మందలింపు లేదు. పాఠం చెబుతూ బోర్డు వైపు తిరిగి ఉన్న టీచర్ చూడలేని ఒక సంగతి ఉంది, ఆ టీచరే జవాబు చెప్పగల ఒక ప్రశ్న ఉంది. ఇలా చూడటం, చూసింది ఇలా చెప్పడం సాధన చేస్తే వస్తుంది. మొదట్లో అందరూ టీచర్‌నే చూస్తారు, గొంతు, చేతిరాత, నడక. పిల్లలను చూడటానికి కన్ను అలవాటు పడాలి.

దీనికి ఫలితం ఉంటుందా అంటే, ఉంటుందనే చెప్పాలి, అంకెలతో సహా. మాథ్యూ క్రాఫ్ట్, ఆయన సహచరులు 2018లో టీచర్ కోచింగ్ మీద, అంటే టీచర్ పక్కన ఒకరు ఉండి, పాఠం చూసి, మాట్లాడి నేర్పించడం మీద, 60 అధ్యయనాలను కలిపి లెక్క కట్టారు. కోచింగ్ పొందిన టీచర్ల బోధన 0.49 ప్రామాణిక విచలనం (సగటు నుంచి అంకెలు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) మేర, వాళ్ళ విద్యార్థుల ఫలితాలు 0.18 మేర మెరుగయ్యాయి. విద్యారంగంలో ఇవి చిన్న అంకెలు కావు. అయితే అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని పథకాలు వేసేవాళ్ళు అంతగా తలుచుకోరు. కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ ఫలితం తగ్గింది. ఒకరు పక్కన కూర్చుని, ఒకే విషయం మీద పదేపదే మాట్లాడుకునే పనిని హాల్లో మూడు వందల మందికి ప్రొజెక్టర్ మీద చూపిస్తే అది వేరే పని అయిపోతుంది.

పైపైన చూసి వెళ్ళడం వల్ల లాభం లేదనడానికీ ఆధారం ఉంది. జేసన్ గ్రిసమ్, సుసానా లోబ్, బెన్ మాస్టర్ అమెరికాలోని మయామీ-డేడ్ ప్రాంతంలో దాదాపు 100 మంది ప్రిన్సిపాళ్ళ రోజులను దగ్గరుండి గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. బోధనకు సంబంధించిన పనులకు వాళ్ళు ఇచ్చిన సమయం మొత్తంలో 12.7 శాతమే. అందులోనూ పెద్ద భాగం తరగతుల్లోకి తొంగిచూసి వెళ్ళడానికి పోయింది. టీచర్‌తో కూర్చుని నేర్పించడానికి ఎక్కువ సమయం ఇచ్చినచోట పిల్లల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. తొంగిచూసి వెళ్ళడం ఎక్కువగా ఉన్నచోట, ముఖ్యంగా హైస్కూళ్ళలో, ఫలితాలు తగ్గి కనిపించాయి. ఆ చూపులను టీచర్ల ఎదుగుదలకు వాడనప్పుడు అవి వట్టి నిఘాగా మిగిలిపోతాయి. నిఘా ఉందని తెలిస్తే ఎవరైనా ఇబ్బందులు దాచుకుంటారు.

పక్క కుర్చీ మనిషి

నాయకత్వ శిక్షణల్లో చాలా తక్కువగా మాట్లాడేది స్నేహాల గురించి. నిన్నటిదాకా స్టాఫ్ రూమ్‌లో పక్క కుర్చీలో కూర్చుని, హెడ్మాస్టర్ మీద జోకులేసుకున్న ఇద్దరిలో ఒకరికి ఇవాళ బాధ్యత వచ్చింది. తలుపు తీసుకుని లోపలికి రాగానే మాటలు ఆగుతాయి. ఎవరూ కక్షతో ఆపరు. ఎవరు ఎందుకు సెలవు పెట్టారో, ఎవరి మీద తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారో తెలిసిన మనిషి దగ్గర పాత చనువుతో మాట్లాడటం ఎవరికైనా కష్టం. తెలిసినవాళ్ళకు కూడా తెలియనట్టు కూర్చోవడం అంతే కష్టం. ఈ ఒంటరితనం వస్తుందని ముందే చెప్పేవాళ్ళుంటే చాలామంది దాన్ని తమ ఓటమిగా తీసుకోకుండా ఉంటారు. వేరే బడుల్లో అదే స్థానంలో ఉన్న ఒకరిద్దరితో మాటలు కలుపుకోవడం దీనికి ఉన్న మంచి మందుల్లో ఒకటి. ఉన్న బడిలో చెప్పలేనివి అక్కడ చెప్పుకోవచ్చు.

అసలు పరీక్ష మొహమాటం దగ్గర వస్తుంది. దగ్గరి స్నేహితురాలు రెండు వారాలుగా పిల్లల నోట్‌బుక్కులు దిద్ది ఇవ్వలేదు. అడగాలా వద్దా? అడగకపోతే అదే పని చేసిన ఇంకొకరిని అడిగే అర్హత పోతుంది. అది గమనించనివాళ్ళు స్టాఫ్ రూమ్‌లో ఎవరూ ఉండరు. కొందరు దీన్ని తప్పించుకోవడానికి రెండో వైపుకు పోతారు. స్నేహితురాలనే అందరి ముందూ గట్టిగా అడిగి, నిష్పక్షపాతం నిరూపించుకుంటారు. అదీ అన్యాయమే. విడిగా, త్వరగా, ఉన్న విషయం వరకే అడగడం మంచిది: "ఎనిమిదో తరగతి పుస్తకాలు ఇచ్చి రెండు వారాలైంది, ఎక్కడ ఆగింది? శుక్రవారానికి సగమైనా అయ్యేలా ఏం చేద్దాం?" తర్వాత శుక్రవారం గుర్తు పెట్టుకుని అడగాలి. కష్టమైన మాట ధైర్యంగా అనేసి, ఆ తర్వాత పట్టించుకోకుండా వదిలేసేవాళ్ళు ఎక్కువ. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి మాటకు బరువుండదు.

పైవాళ్ళకూ కిందివాళ్ళకూ మధ్య నిలబడటం ఇంకో తలనొప్పి. నచ్చని నిర్ణయాన్ని సాటివాళ్ళకు చెప్పాల్సి వచ్చినప్పుడు "హెడ్మాస్టర్ గారు చెప్పమన్నారు, నేను చెబుతున్నాను, అంతే" అనేయడం తేలిక. ఆ పూటకి మంచివాళ్ళమనిపించుకోవచ్చు. కానీ అలా అన్న ప్రతిసారీ ఈ మనిషితో మాట్లాడి లాభం లేదు, నేరుగా పైకే వెళదాం అని అందరికీ నేర్పినట్టవుతుంది. నిర్ణయం కాకముందు, తలుపు వేసి ఉన్న గదిలో, అభ్యంతరం గట్టిగా చెప్పాలి. నిర్ణయం అయ్యాక దాని వెనకున్న కారణం సొంత మాటల్లో చెప్పగలగాలి. కారణమే తెలియకపోతే, తెలుసుకునేదాకా చెప్పనని పైవాళ్ళతో అనగలగాలి. ఈ మూడోది అనగలిగేవాళ్ళు అరుదు. అలా అననిచ్చే హెడ్మాస్టర్లూ అరుదే.

ఇవన్నీ మెత్తటి విషయాల్లా అనిపిస్తాయి గానీ, వీటి బరువును కొలిచినవాళ్ళున్నారు. ఆంథనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ 1990ల్లో చికాగో ప్రాథమిక పాఠశాలలను ఏళ్ళ తరబడి గమనించి, బడిలోని పెద్దవాళ్ళ మధ్య నమ్మకానికి నాలుగు ఆధారాలు గుర్తించారు. ఎదుటివాళ్ళ మాట వినే గౌరవం, పని చేతనైన సామర్థ్యం, ఉద్యోగానికి మించి మనిషిని పట్టించుకోవడం, చెప్పిందే చేసే నిజాయితీ. నమ్మకం బలంగా ఉన్న బడుల్లో రెండింట ఒకటి లెక్కల్లో, చదవడంలో మెరుగయ్యే అవకాశం ఉంటే, నమ్మకం లేనిచోట ఏడింట ఒకదానికే ఆ అవకాశం కనిపించింది. ఈ నాలుగింటిలో ఒకటి బాగా తగ్గినా మిగతా మూడూ కాపాడలేవని వాళ్ళ వాదన. ఎంతో మంచి మనిషి, పని మాత్రం రాదు అన్న పేరు వచ్చినా నమ్మకం పోతుంది.

కాగితాల లాగుడు

బాధ్యత వచ్చిన టీచర్ రోజును నింపేవి చాలావరకు అడ్డదిడ్డంగా వచ్చి పడే పనులే. ఇద్దరు రాలేదు, వాళ్ళ పీరియడ్లు సర్దాలి. మార్కుల జాబితా సాయంత్రంలోగా కావాలి. ఎవరో తల్లిదండ్రులు గేటు దగ్గర ఉన్నారు. వీటికి గడువు ఉంటుంది, అడిగేవాళ్ళు ఉంటారు, చేస్తే అయిపోయిందన్న తృప్తీ ఉంటుంది. పక్క టీచర్ పాఠం చూసి మాట్లాడటానికి గడువు లేదు, చేయకపోయినా అడిగేవాళ్ళు లేరు. అందువల్ల మంచి మనసుతో మొదలైనవాళ్ళు కూడా ఒక టర్మ్ తిరిగేసరికి పై కాగితాన్ని కిందికి, కింది కాగితాన్ని పైకి చేరవేసే మనుషులైపోతారు. సమయపాలన మీద ఎన్ని వర్క్‌షాపులు పెట్టినా ఇది తీరదు. టైమ్‌టేబుల్ తయారు చేసేటప్పుడే వారానికి రెండు పీరియడ్లు సాటి టీచర్ల కోసమని రాసి, వాటిని సర్దుబాటుకు ముట్టుకోకుండా ఉంచితే కొంత తీరుతుంది. ఒక్క లీజర్ పీరియడ్ కూడా అదనంగా ఇవ్వకుండా ఎవరినైనా సబ్జెక్ట్ హెడ్ చేశారంటే, ఆ బడికి కావాల్సింది పేరు మాత్రమేనని అనుకోవాలి.

ఇక్కడ హెడ్మాస్టర్ పాత్ర ఎంతో స్పష్టమవుతుంది. వివియన్ రాబిన్సన్, ఆమె సహచరులు 2008లో పాఠశాల నాయకత్వం మీద వచ్చిన అధ్యయనాలను పోల్చి, విద్యార్థుల ఫలితాల మీద ఏ పనికి ఎంత ప్రభావం ఉందో అలాంటి కొలతలోనే లెక్కగట్టారు. క్రమశిక్షణగా ఉండే వాతావరణానికి 0.27, వనరులు సమకూర్చడానికి 0.31, లక్ష్యాలు పెట్టడానికి, బోధనను పర్యవేక్షించడానికి చెరో 0.42 వచ్చాయి. టీచర్ల అభ్యాసాన్ని ప్రోత్సహించి, అందులో తాను కూడా పాల్గొనడానికి 0.84 వచ్చింది. తాను కూడా పాల్గొనడం అన్న మాట దగ్గర ఆగాలి. శిక్షణ ఏర్పాటు చేసి, ప్రారంభోపన్యాసం ఇచ్చి, ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళే పెద్దలకు ఈ అంకె వర్తించదు. హెడ్మాస్టర్ కుర్చీ వేసుకుని చివరిదాకా కూర్చుని, అర్థం కానిది అడిగితే, కింద బాధ్యతలో ఉన్నవాళ్ళకు అదే పని చేయడం సులువవుతుంది.

అప్పగించడంలో కూడా తేడాలుంటాయి. పని అప్పగించి, నిర్ణయం తన దగ్గరే ఉంచుకునే హెడ్మాస్టర్ దగ్గర ఎవరూ ఎదగరు. ఏ పుస్తకాలు కొనాలి, యూనిట్ టెస్ట్ ఎలా ఉండాలి, కొత్త టీచర్‌కి ఏ సెక్షన్ ఇవ్వాలి వంటి వాటిలో కొన్నైనా పూర్తిగా వదిలేయాలి, నిర్ణయం తనకు నచ్చకపోయినా. నచ్చనిది వెనక్కి తీసుకుంటే, ఆ తర్వాత ప్రతి చిన్నదానికీ "సర్, ఏం చేయమంటారు?" అని గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళే తయారవుతారు.

బాధ్యత పెరిగాక క్లాసు పూర్తిగా వదిలేయాలా, ఒకటైనా ఉంచుకోవాలా అనేది ఎప్పుడూ నడిచే చర్చ. ఉంచుకోవాలనేవాళ్ళ మాటలో నిజం ఉంది. సొంత క్లాసు లేని మనిషి పాఠాల గురించి చెబితే "మీకేం, చెప్పడం తేలిక" అన్న మాట రెండో ఏడాదే వినిపిస్తుంది. కానీ మీటింగుల వల్ల ఆ ఒక్క క్లాసుకూ తరచుగా వెళ్ళలేకపోతే నష్టపోయేది పిల్లలు. ఉంచుకునే క్లాసు ఫైనల్ పరీక్షల క్లాసు కాకుండా ఉంటే, దాన్ని ఇంకో టీచర్‌తో పంచుకుని చెబితే, రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. పంచుకోవడంలో కలిసొచ్చే లాభం, కలిసి ప్లాన్ చేసే మనిషి ప్రతి వారం ఎదురుగా ఉండటం.

అందరూ పైకి ఒకే నిచ్చెన ఎక్కాలన్న నియమాన్నే మార్చిన వ్యవస్థలూ ఉన్నాయి. సింగపూర్‌లో టీచర్లకు మూడు దారులున్నాయి. పాఠశాలల నిర్వహణ వైపు వెళ్ళే దారి ఒకటి, పాఠ్యప్రణాళిక, పరీక్షల వంటి రంగాల్లో నిపుణులయ్యే దారి ఒకటి, బోధనలోనే ఉండి సీనియర్ టీచర్, లీడ్ టీచర్, మాస్టర్ టీచర్‌గా ఎదిగే దారి మరొకటి. మూడో దారిలో ఉన్నవాళ్ళ ముఖ్యమైన పని తోటి టీచర్లను మెరుగుపరచడమే. ఆఫీసు పని చేయాలని లేని టీచర్‌కి అందులో జీతం, గౌరవం రెండూ దొరుకుతాయి. హెడ్మాస్టర్ పదవి మీద ఆశ లేని, కానీ పక్క క్లాసు మీద ఆసక్తి ఉన్న టీచర్లు ప్రతి బడిలో ఉంటారు. వాళ్ళకు దారి లేకపోతే ఇష్టం లేని కుర్చీకైనా పోతారు, మూసిన తలుపు వెనకే రిటైర్ అయినా అవుతారు.

వెనక్కి వచ్చే దారి కూడా ఉండాలి. చాలాచోట్ల బాధ్యత వదిలి మళ్ళీ పూర్తిగా క్లాసుకే వెళ్ళాలనుకున్న టీచర్‌ని ఏదో తప్పు చేసి దిగిపోయినట్టు చూస్తారు. ఆ చూపుకు భయపడి, పనిలో ఆసక్తి పోయినా కుర్చీ వదలనివాళ్ళుంటారు. వాళ్ళ వెనక ఎదగాల్సినవాళ్ళు ఆగిపోతారు. సబ్జెక్ట్ హెడ్ వంటి బాధ్యతకు మొదటే మూడేళ్ళ గడువు పెట్టి, గడువయ్యాక దిగడం మామూలు సంగతిగా మార్చిన బడిలో ఈ ఇబ్బంది ఉండదు. అప్పుడు ఒకే విభాగంలో ముగ్గురు నలుగురికి ఆ కుర్చీ అనుభవం ఉంటుంది. పీరియడ్లు సర్దడం ఎంత కష్టమో వాళ్ళందరికీ తెలుసు కాబట్టి కొత్త హెడ్ మీద విసుగూ తగ్గుతుంది. దిగిపోయేవాళ్ళు చివరి టర్మ్‌లో కొత్తవాళ్ళను వెంట తిప్పుకుని, మార్కుల ఫైలుతో పాటు ఏ టీచర్‌తో ఏ పాఠం మీద మాట సగంలో ఆగిందో కూడా అప్పగిస్తే, వచ్చినవాళ్ళు ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిన అవసరం రాదు.